ఇంట్లో గలగల.. బడిలో మౌనం

సరిహద్దు బడుల్లో మన పిల్లల ప్రవర్తనకు పరీక్షలు.. ఏ భాషలో అడిగారన్నదే అసలు సంగతి

ఇంట్లో ఉన్నంతసేపూ ఆ పిల్లోడి నోటికి తాళం ఉండదు. అవ్వతో పేచీ పెట్టి బెల్లం ముక్క సాధిస్తాడు. అంగడికి పంపితే చిల్లర లెక్కపెట్టి మరీ తెస్తాడు. బడిలో అడుగుపెట్టాడా, రాయే! టీచరు పిలిచినా పలకడు. పక్కవాణ్ని గిల్లుతాడు. పుస్తకం చింపుతాడు. లేదంటే గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. మూడు నెలలు చూస్తారు, ఆరు నెలలు చూస్తారు. ఒకరోజు తల్లిదండ్రులకు కబురొస్తుంది. మీవాడికి ఏదో తేడా ఉంది, పరీక్ష చేయించండి అని.

బాగేపల్లి, ముళబాగిలు, పావగడ వైపు కన్నడ బడి. హోసూరు, తళి, గుడియాత్తం వైపు తమిళ బడి. షోలాపూర్ మగ్గాల వాడల్లో మరాఠీ బడి. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఒడియా బడి. యానాంలో అయితే టీచర్లకు తెలుగు తెలుసు గనుక ఈ చిక్కు అంతగా లేదు. మిగతా చోట్ల ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంకొకటి. ఈమధ్య ఇంగ్లీషు మీడియం కూడా తోడవడంతో కొందరికి ఒకేసారి మూడు భాషలు నెత్తిన పడుతున్నాయి. ఇలాంటి పిల్లాడు బడిలో మాట్లాడకపోతే అది బుద్ధిమాంద్యమా, ఆటిజమా, మొండితనమా? లేక అడిగింది అర్థం కాకపోవడమా? ఈ నాలుగింటినీ విడదీయాల్సింది ప్రవర్తన పరీక్షే. అది ఏ భాషలో జరిగిందన్న దాన్నిబట్టి పిల్లాడి దారే మారిపోతుంది.

పరీక్ష అంటే సూది కాదు

పరీక్ష అనగానే తల్లులు భయపడతారు. స్కానింగులు, సూదులు అనుకుంటారు. నిజానికి ఇందులో ఎక్కువ భాగం ప్రశ్నలు, బొమ్మలు, చెక్కముక్కలు, గమనించి రాసుకోవడం. అంతే.

మొదటి మెట్టు బడిలోనే. దేశంలోని బడుల కోసం ఎన్.సి.ఇ.ఆర్.టి. 2022లో 'ప్రశస్త్' అనే పట్టీ తయారుచేసింది. అందులో రెండు అంచెలు. మొదట తరగతి టీచరు తాను చూసింది నింపాలి. తర్వాత ప్రత్యేక ఉపాధ్యాయులు మరోసారి చూడాలి. ఇది అనుమానాన్ని నమోదు చేసే పట్టీ మాత్రమే, జబ్బు పేరు పెట్టేది కాదు. ఈ తేడా చాలామంది టీచర్లకే సరిగ్గా తెలియదు. పట్టీలో నాలుగు గళ్లలో టిక్కులు పడగానే పిల్లాడికి పేరు పెట్టేస్తారు.

తర్వాతి మెట్టు సమగ్ర శిక్ష కింద బ్లాకు స్థాయిలో పనిచేసే ప్రత్యేక ఉపాధ్యాయులు. ఆంధ్ర, తెలంగాణల్లో వీరు భవిత కేంద్రాల్లో కనిపిస్తారు. మిగతా రాష్ట్రాల్లో పేర్లు వేరు, పని అదే. ఒక్కొక్కరి కింద బోలెడు బళ్లు ఉంటాయి. ఆ తర్వాత జిల్లా ఆసుపత్రి, అక్కడి మనస్తత్వ నిపుణులు, చివరికి వైకల్య ధ్రువపత్రం.

వీటన్నిటికంటే ముందు జరగాల్సినవి రెండున్నాయి: చెవి పరీక్ష, కంటి పరీక్ష. చెవిలో చీము కారే పిల్లాడు సగం మాటలే వింటాడు. విన్న సగం కూడా పరాయి భాష అయితే వాడికి మిగిలేది ఏముంటుంది? చెవి చూడకుండా బుద్ధిని కొలవడం ఇంటికి పునాది చూడకుండా పైకప్పుకు రంగు వేసినట్టే.

ధార్వాడలో పుట్టిన కొలబద్ద

బుద్ధిని అంకెల్లో కొలవాలన్న ఆలోచన ఫ్రాన్స్‌ది. 1905లో ఆల్ఫ్రెడ్ బినే పారిస్ బడి పిల్లల కోసం తొలి పరీక్ష తయారుచేశాడు. చదువులో వెనకబడిన పిల్లలను గుర్తించి వారికి సాయం చేయడమే ఆయన ఉద్దేశం. అమెరికాలో మార్పులు చేసుకున్న ఆ పరీక్షను మన దేశానికి అనువుగా తిప్పినవారు డాక్టర్ వి.వి. కామత్. 1930లలో ధార్వాడ ప్రాంతంలో కన్నడ, మరాఠీ పిల్లల మీద ఆయన ఈ పని చేశారు. అదే బినే-కామత్ పరీక్ష. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మన దేశపు ఆసుపత్రుల్లో ఆ పేరు వినిపిస్తూనే ఉంది.

ఇందులో మాటలకు అర్థాలు చెప్పాలి. రెండు వస్తువుల మధ్య పోలిక చెప్పాలి. ఇలా జరిగితే నువ్వేం చేస్తావంటే సమాధానం చెప్పాలి. చాలావరకు మాట మీదే నడిచే పరీక్ష. బళ్లారిలో ఓ తెలుగు పిల్లాణ్ని కూర్చోబెట్టి కన్నడంలో ఈ ప్రశ్నలు అడిగితే కొలిచింది వాడి బుద్ధినా, వాడికి వచ్చిన కన్నడాన్నా? కన్నడంలోనే పుట్టిన పరీక్షను కన్నడ జిల్లాలో కన్నడంలో పెట్టడంలో తప్పేముంది అనిపించవచ్చు. పరీక్షది తప్పు కాదు. పక్కింటి కొలపాత్రతో మన ఇంటి బియ్యం కొలిచి తక్కువొచ్చాయంటే ఎలా?

మాట అక్కరలేని పరీక్షలూ ఉన్నాయి. సెగ్విన్ ఫారం బోర్డు అందులో ఒకటి. పది ఆకారాల చెక్కముక్కలు ఇస్తారు. గుండ్రటిది గుండ్రటి గుంటలో, నక్షత్రం నక్షత్రపు గుంటలో పెట్టాలి. ఎంత సేపట్లో పెట్టాడో చూస్తారు. భాష రాని పిల్లాడికి ఇలాంటివి మేలు. అలాగని చెక్కముక్కలొక్కటే చూసి పిల్లాడి సంగతంతా తేల్చేయడం కూడా కుదరదు.

ఇంకో పరీక్ష ఉంది. అందులో పిల్లాడినసలు ఏమీ అడగరు, తల్లిని అడుగుతారు. వైన్‌ల్యాండ్ సాంఘిక పరిపక్వత కొలమానం అని దాని పేరు. నాగపూర్‌కు చెందిన ఎ.జె. మాలిన్ దీన్ని భారతీయ పిల్లలకు సరిపోయేలా మార్చారు. బిడ్డ తనంతట తాను అన్నం తింటాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా, వీధి దాటుతాడా లాంటి 89 అంశాలు ఇందులో ఉంటాయి. ఇక్కడ చిక్కు తల్లి భాషది. ఎదుట కూర్చున్న డాక్టరుగారు వేరే భాషలో గబగబా అడుగుతుంటే మన ఆడవాళ్లు ఏం చేస్తారు? సగం అర్థమై, సగం మొహమాటమై అన్నిటికీ తల ఊపేస్తారు. లేదంటే అన్నిటికీ తెలీదంటారు. రెండూ పిల్లాడి లెక్కను తారుమారు చేసేవే.

ఆ లెక్క చిన్న సంగతి కాదు. 2018లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల్లో ఈ కొలమానం మీద 55 నుంచి 69 మధ్య వస్తే 50 శాతం వైకల్యం కింద, 70 నుంచి 84 మధ్య వస్తే 25 శాతం కింద లెక్కగట్టారు. ఆ మార్గదర్శకాలను 2024లో సవరించారు. ధ్రువపత్రంతో వచ్చే చాలా సౌకర్యాలకు 40 శాతం హద్దు మాత్రం అలాగే ఉంది. నాలుగైదు ప్రశ్నలకు తల్లి తల ఎటు ఊపిందన్న దాన్నిబట్టి పిల్లాడు ఆ హద్దుకు ఇటో అటో పడిపోవచ్చు.

'ఎద్దు నిల్లు' అంటే నవ్వొచ్చింది

భాష తెలియకపోవడం ప్రవర్తనలా ఎలా కనిపిస్తుందో చూడండి. కన్నడ టీచరు 'ఎద్దు నిల్లు' అంటారు. లేచి నిలబడు అని ఆ మాటకు అర్థం. కొత్తగా చేరిన తెలుగు పిల్లాడి చెవికి ఎద్దు ఒక్కటే వినబడుతుంది. కిసుక్కున నవ్వుతాడు, లేవడు. టీచరు కంట్లో వాడు చెప్పిన మాట వినని పొగరుబోతు. 'ఇల్లి బా' అంటే ఇక్కడికి రమ్మని. వాడికి ఇల్లు గుర్తొస్తుంది, సంచీ సర్దుకుంటాడు. షోలాపూర్‌లో మరాఠీ టీచరు 'ఖాలీ బస్' అంటే కింద కూర్చోమని. మనవాడికి ఖాళీ బస్సు తోస్తుంది!

వినడానికి నవ్వులాటే. ఇవే రోజూ నాలుగైదుసార్లు జరిగితే మాత్రం పట్టీలో చెప్పిన మాట వినడు, సమయం కాని సమయంలో నవ్వుతాడు, తరగతి మధ్యలో వెళ్లిపోతాడు అన్న మూడు గళ్లు నిండుతాయి. ఈ మూడూ నిజంగా ప్రవర్తన లోపం ఉన్న పిల్లల్లోనూ కనిపించేవే.

రాతలోనూ అంతే. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. ఇంట్లో అమ్మ తెలుగు అక్షరాలు దిద్దించి ఉంటే బడిలో రెండూ కలిపేసి రాస్తాడు, తలకట్టు ఒక భాషది, ఒత్తు ఒక భాషది. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. తెలుగింటి పిల్లాడు అక్కడ ఆగుతాడు, ఏ శబ్దం పలకాలో తోచక. చూసేవారికి అది డిస్‌లెక్సియాలా ఉంటుంది. బోధనా భాష రాకపోవడం వల్లనో, సరిగా నేర్పకపోవడం వల్లనో వచ్చే ఇబ్బందిని అభ్యసన లోపంగా లెక్కించకూడదని మానసిక వైద్యులు వాడే డి.ఎస్.ఎం. పుస్తకమే చెబుతోంది. కొన్నిచోట్ల మాట్లాడి కొన్నిచోట్ల అసలు నోరు విప్పని పిల్లల గురించి కూడా ఆ పుస్తకం ఒక షరతు పెట్టింది. బడిలో చేరిన మొదటి నెల మౌనాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఆ భాష రాక మౌనంగా ఉంటే దాన్ని అసలు రుగ్మత అనకూడదు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి నెలల తరబడి వింటూ ఊరుకుంటారని భాషా శాస్త్రం చదివినవారికి ఎప్పటినుంచో తెలుసు.

మొండి అని రాస్తే చెల్లదు

మరి సరైన పరీక్ష ఎలా ఉంటుంది? మన సికింద్రాబాద్‌లోనే దానికి ఒక నమూనా ఉంది.

మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు మారి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అయింది. అక్కడ రీటా పేషావరియా, ఎస్. వెంకటేశన్ కలిసి 1992లో 'బేసిక్-ఎం.ఆర్.' అనే కొలమానం తెచ్చారు. భారతీయ పిల్లల కోసమే తయారైన ప్రవర్తన పట్టీ అది. మొదటి భాగంలో 280 పనులు ఉంటాయి: నడక, తిండి, స్నానం, మాట, చదువు, లెక్క, డబ్బు, ఇంటిపని లాంటివి. ప్రతి పనికీ పిల్లాడు తనంతట తాను చేస్తే 5, సైగ చేస్తే చేసేస్తే 4, నోటితో చెబితే 3, చెయ్యి పట్టి చేయిస్తే 2, పూర్తిగా ఆధారపడితే 1. రెండో భాగంలో 75 సమస్యాత్మక ప్రవర్తనలు. కొట్టడం, వస్తువులు పగలగొట్టడం, తనను తాను గాయపరచుకోవడం, చేసిందే చేయడం, భయాలు వగైరా. ఎప్పుడూ లేదంటే 0, అప్పుడప్పుడూ అంటే 1, తరచూ అంటే 2.

ఈ పట్టీలో నాకు నచ్చింది ఒకటే. మొండి, పెంకి, బద్ధకం, తిక్క లాంటి మాటలకు అందులో చోటు లేదు. కంటికి కనబడేది, లెక్కపెట్టగలిగేది మాత్రమే రాయాలి. మొండివాడు అంటే ఏమిటి? బెంచీ కింద దూరతాడా? పలక విసిరేస్తాడా? రోజుకెన్నిసార్లు? ఎప్పుడు? ఇలా రాస్తేనే ఆ ప్రవర్తనకు కారణం దొరుకుతుంది.

కారణం వెతికే పద్ధతి కూడా తేలికే. ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. ఈ మూడూ ఒక కాగితం మీద మూడు వరసల్లో రాసుకుంటూ పోవాలి. సాధారణంగా పిల్లలు నాలుగు కారణాలతో ఇలా చేస్తారు. ఎవరో ఒకరు తనను చూడాలని, కష్టమైన పని తప్పించుకోవాలని, కావలసిన వస్తువు దొరకాలని, లేదా ఆ పని చేస్తుంటే ఒంటికి హాయిగా ఉందని.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండో తరగతి పిల్లాడు పుస్తకం చింపుతున్నాడు అనుకుందాం. పది రోజులు రాసి చూస్తే ఏడుసార్లు చింపాడు. అందులో ఆరు కన్నడ పాఠం జరిగేటప్పుడే. లెక్కల పీరియడ్‌లో ఒక్కసారి కూడా లేదు. ముందు ఏం జరిగింది? టీచరు లేచి పైకి చదవమన్నారు. తర్వాత ఏం జరిగింది? కోపమొచ్చి వరండాలో నిలబెట్టారు. ఇంకేముంది, చదవడం తప్పింది! వాడికి అది శిక్ష కాదు, బహుమానం. రేపు కూడా చింపుతాడు. నిజంగా వాడికి రానిది చదువు. తెలిసిన పద్ధతిలో దాన్ని తప్పించుకుంటున్నాడు.

ఇక్కడ చేయాల్సింది మందు వేయడం కాదు, వేరే బడికి పంపడం కాదు. పైకి చదవమనేముందు రెండు వాక్యాలు పక్కన కూర్చోబెట్టి చెప్పడం. రాకపోతే 'రాదు సార్' అని చెప్పే మాట కన్నడంలో నేర్పడం. చింపినా వరండాకు పంపకపోవడం. పది రోజుల తర్వాత మళ్లీ లెక్కపెట్టడం. తగ్గితే కారణం అదేనన్నమాట. తగ్గకపోతే ఇంకా లోతుగా చూడాలి.

ఇలాంటి కాగితం నింపడానికి పెద్ద చదువు అక్కరలేదు. తీరిక కావాలి. ఒకే టీచరు రెండు మూడు తరగతులను చూసే ఊరి బడిలో ఆ తీరిక ఎక్కణ్నుంచి వస్తుంది అంటే, నిజమే. టీచర్లను తప్పు పట్టి లాభం లేదు. రాసే పని మన ఇంటి వైపు నుంచి కూడా మొదలు కావచ్చు కదా.

అమెరికాలో కోర్టుకెక్కిన పిల్లలు

ఇదేదో మన సరిహద్దు గోల మాత్రమే అనుకోనక్కరలేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఇంగ్లీషులో బుద్ధి పరీక్ష పెట్టి బుద్ధిమాంద్యం తరగతుల్లో వేశారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1970లో డయానా కేసుగా పేరుపడిన ఆ వివాదం ఒప్పందంతో ముగిసింది. ఇకమీదట పిల్లాడి ఇంటి భాషలోనూ పరీక్షించాలి, మాట అక్కరలేని పరీక్షలు వాడాలి, అప్పటికే ఆ తరగతుల్లో ఉన్న పిల్లలను మళ్లీ పరీక్షించాలి అని అంగీకారం కుదిరింది. 1975లో వచ్చిన అక్కడి వికలాంగ పిల్లల విద్యా చట్టంలో ఈ సూత్రం చేరింది. 1997 సవరణల్లో ఇంకో మెట్టు ఎక్కారు. క్రమశిక్షణ పేరుతో ప్రత్యేక విద్యలో ఉన్న పిల్లాణ్ని బడి నుంచి దూరం పెట్టే సందర్భాల్లో ఆ ప్రవర్తనకు కారణమేమిటో పరిశీలించాలన్నారు. పైన చెప్పిన మూడు వరసల కాగితం అక్కడ చట్టంలోకి ఎక్కిందన్నమాట. అక్కడి ప్రభుత్వ బడుల్లో చదివే మన తెలుగు పిల్లలకు కూడా ఈ హక్కు ఉంది. ఇంట్లో తెలుగే ప్రధానమైతే తెలుగులో పరీక్షించమని అడగవచ్చు.

మన దగ్గర? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అభ్యసన లోపాలను తొందరగా గుర్తించి తగిన బోధన అందించాల్సిన బాధ్యత బడిదే అంది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య అంది. పరీక్ష ఇంటి భాషలో జరగాలన్న మాట మాత్రం అందులో అంత సూటిగా లేదు. రాజ్యాంగంలో 350-ఎ అధికరణ ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని 1956లో దాన్ని చేర్చారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంతవరకు మాతృభాషలోనే బోధన అంటుంది. పాఠమే మాతృభాషలో చెప్పమన్నప్పుడు పిల్లాడి బుద్ధిని కొలిచేటప్పుడు ఆ భాష ఎందుకు ఉండకూడదు? తెలుగు సంఘాలు బోర్డుల మీద పేర్ల కోసం, పాఠ్యపుస్తకాల కోసం అర్జీలు పెడుతుంటాయి. ఈ ఒక్క అర్జీ కూడా వాటికి జతచేస్తే బాగుండును.

రెండు భాషలు కదా అని ఊరుకుంటే

ఇప్పటిదాకా చెప్పింది చదివి మావాడికేమీ లేదు, భాష గొడవే అని ఊపిరి పీల్చుకునేవారు ఉంటారు. అక్కడే ఇంకో ప్రమాదం ఉంది. నిజంగా సాయం కావాల్సిన పిల్లాడి విషయంలో కూడా రెండు భాషలు కదా, మెల్లగా వస్తాయిలే అని నాలుగైదేళ్లు గడిపేస్తారు. వాళ్ల తాతకు కూడా మాట ఆలస్యంగానే వచ్చిందంటారు. ఆ ఏళ్లు మళ్లీ రావు.

దీనికి గీటురాయి ఇంట్లోనే ఉంది. బడి భాషను పక్కన పెట్టండి. తెలుగులో వాడెలా ఉన్నాడు? రెండేళ్లు దాటినా తెలుగులో కూడా రెండు మాటలు కలిపి అనలేకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే, కావలసినది వేలితో చూపించకపోతే, వచ్చిన మాటలు పోతే.. ఇవి భాష గొడవలు కావు. ఏ భాషలో పెరిగే పిల్లాడికైనా ఇవి వెంటనే చూపించాల్సిన గుర్తులు. ఆటిజం అనుమానం ఉంటే ఐ.ఎస్.ఎ.ఎ. అనే భారతీయ కొలమానం ఉంది. 2009 నుంచి వాడుకలో ఉంది. 40 అంశాలు, ఒక్కొక్కదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

తెలుగులో చక్కగా కథలు చెప్పి, తెలుగులో దబాయించి, తెలుగులో లెక్క చూసే పిల్లాడు బడిలో మాత్రమే మౌనంగా ఉంటే అప్పుడు బడి భాషను అనుమానించాలి. బడిలో భయపెడుతున్నారేమో కూడా చూడాలి. దెబ్బలు, మానసిక హింస విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం.

తెలుగు మానేయమంటే?

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు ఉచితంగా దొరికే సలహా ఒకటుంది. ఇంట్లో తెలుగు ఆపేయండి, బడి భాషే మాట్లాడండి అని. టీచర్లు అంటారు, ఒక్కోసారి డాక్టర్లు కూడా అంటారు. విని ఇంట్లో అందరూ వచ్చీరాని కన్నడంలోనో తమిళంలోనో పిల్లాడితో మాట్లాడటం మొదలుపెడతారు. అవ్వకు ఆ భాష రాదు, ఆమె మాట్లాడటం మానేస్తుంది. బడిలో ఎలాగూ మాట లేదు, ఇప్పుడు ఇంట్లో కూడా లేకుండా పోతుంది.

ఈ సలహాకు ఆధారం లేదు. రెండు భాషల మధ్య పెరగడం వల్ల బుద్ధిమాంద్యం రాదు, ఆటిజం రాదు. ఆటిజం, డౌన్ సిండ్రోం ఉన్న పిల్లల్లో కూడా రెండు భాషలు వినడం వల్ల మాట మరింత వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదు. తల్లికి బాగా వచ్చిన భాషలో నిండుగా మాట్లాడితేనే పిల్లాడికి మాట అబ్బుతుంది. బడి భాష బడిలో, ఆటలో, పక్కింటి పిల్లలతో వస్తుంది. కన్నడమో తమిళమో రావద్దని కాదు, వచ్చి తీరాలి. అది తెలుగును తీసేసి కాదు.

పరీక్షకు వెళ్లేముందు

బడి నుంచి కబురొస్తే కోప్పడి వాదులాడొద్దు. వద్దని పరీక్షను ఎగ్గొట్టొద్దు. ఏం చూశారో రాసివ్వమని టీచరును మర్యాదగా అడగండి. ఎన్నిసార్లు, ఏ పాఠంలో, దానికి ముందు ఏం జరిగిందో. ఇంటి దగ్గర మీరూ ఒక వారం అలాగే రాయండి. చదువు రాకపోతే పక్కింటి కాలేజీ పిల్లతో రాయించండి. ఇంట్లో వాడు తెలుగులో మాట్లాడుతుండగా ఫోన్లో నాలుగైదు నిమిషాలు రికార్డు చేసి పెట్టుకోండి. ఆసుపత్రిలో కొత్త మొహాల మధ్య వాడు నోరు విప్పకపోతే అదే సాక్ష్యం.

అక్కడికి వెళ్లాక మొదట చెప్పాల్సిన మాట: మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. పరీక్ష చేసేవారికి తెలుగు వస్తుందా? రాకపోతే వచ్చేవారిని పిలుస్తారా? హోసూరు వారికి బెంగళూరు నిమ్హాన్స్ దూరం కాదు, హోసూరు రోడ్డు మీదే ఉంది. షోలాపూర్, రాయచూరు వారికి సికింద్రాబాద్‌కు రైళ్లున్నాయి. పెద్ద సంస్థల్లో తెలుగు వచ్చినవారు ఎవరో ఒకరు దొరుకుతారు, అడగాలంతే. చుట్టాలెవరినైనా తర్జుమాకు తీసుకెళ్తే ముందే ఒక మాట చెప్పండి, ప్రశ్నను తిప్పి చెప్పాలి గానీ జవాబు అందించకూడదని. పిల్లాడి మీద ప్రేమతో అందించే జవాబు వాడికే నష్టం.

తెలుగు వచ్చినవారు దొరికినా ఏ తెలుగు అన్నది ఇంకో తిరకాసు. మన సరిహద్దు తెలుగు పుస్తకాల తెలుగు కాదు. గొడుగు బొమ్మ చూపిస్తే మనవాడు ఛత్రి అంటాడు. అన్నం అనకుండా ఊటా అంటాడు. కొంచెం అనే చోట రవంత అంటాడు. అవి తప్పులు కావు, వాడి ఇంటి మాటలు. తల్లి అక్కడే ఉండి మా ఇంట్లో దాన్ని అలాగే అంటామని చెబితే వాడి మార్కు వాడికి దక్కుతుంది.

పరీక్షలో నిజంగా వైకల్యం ఉందని తేలితే ధ్రువపత్రం తీసుకోవడానికి సిగ్గుపడొద్దు. సమగ్ర శిక్ష కింద వచ్చే సాయం, పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వాటికి అదే ఆధారం. 2016 చట్టం 58వ సెక్షన్ ప్రకారం ఆ పత్రం దేశమంతటా చెల్లుతుంది. కర్ణాటకలో తీసుకున్నది ఆంధ్రలో చెల్లదని ఎవరైనా అంటే నమ్మొద్దు. పింఛను, బస్ పాస్ మాత్రం ఆయా రాష్ట్రాల నిబంధనలను బట్టి ఉంటాయి. అంకె మీద అనుమానం ఉంటే, ముఖ్యంగా పరీక్ష వాడికి రాని భాషలో జరిగి ఉంటే, ఆ సంగతి రాతపూర్వకంగా పెట్టి మళ్లీ పరీక్షించమని కోరవచ్చు. ఆ అర్జీ నకలు ఒకటి బడి హెడ్‌మాస్టరుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.